2 జీబీ ర్యామ్ డెస్క్‌టాప్ మీద అపాచీ, పీహెచ్‌పీ, మరియాడీబీ: నిజంగా ఏమేం కావాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో పక్కన పడేసిన కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్ ఒకటుంది. 2 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్‌డిస్క్. దాని మీద వెబ్ సర్వర్ పెట్టి ఇంటర్నల్ పరీక్షల మార్కులు, నోటీసులు 800 మంది పిల్లలకు చూపించాలి. ముందు క్యాంపస్ లోపల, కుదిరితే బయటకు కూడా. ఒకచోట 1 జీబీ చాలన్నారు, ఇంకోచోట 8 జీబీ లేనిదే ముట్టుకోవద్దన్నారు, ఎవరి మాట నమ్మాలి అని అడిగారు.

ఇద్దరి మాటా నిజమే, కాకపోతే ఇద్దరూ ఒకే దాని గురించి మాట్లాడటం లేదు. అపాచీ 2.4 సొంత డాక్యుమెంటేషన్‌లో ఇన్‌స్టాల్‌కు ఏం కావాలో ఒక జాబితా ఉంటుంది. సోర్స్ నుంచి బిల్డ్ చేసేటప్పుడు తాత్కాలికంగా కనీసం 50 ఎంబీ డిస్క్ ఖాళీ, ఇన్‌స్టాల్ అయ్యాక అది ఆక్రమించేది సుమారు 10 ఎంబీ. దాంతోపాటు ఏపీఆర్, పీసీఆర్‌ఈ లైబ్రరీలు, ఒక సీ కంపైలర్, కొన్ని స్క్రిప్టులకు పెర్ల్, చివరికి గడియారం సరైన టైమ్ చూపించడం. అంతే. ర్యామ్ ఇంత ఉండాలి, ప్రాసెసర్ ఫలానాది ఉండాలి అనే మాటే అందులో లేదు. ఇంజిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ వాళ్లయితే, పనేమీ లేకుండా ఊరికే తెరిచి ఉన్న 10,000 కీప్-అలైవ్ కనెక్షన్లకు దాదాపు 2.5 ఎంబీ మెమరీ చాలని రాసుకున్నారు.

అంటే వెబ్ సర్వర్ తినేది తక్కువ. తినేదంతా దాని వెనకాల నడిచే పీహెచ్‌పీ, డేటాబేస్. అందుకే 1 జీబీ అన్నవాళ్లు, 8 జీబీ అన్నవాళ్లు ఇద్దరూ తమ తమ అప్లికేషన్‌ను మనసులో పెట్టుకుని చెప్పారు. మీ లెక్క మీరే వేసుకోవాలి. కష్టమేం కాదు, కూడికలు, తీసివేతలు, ఒక భాగహారం.

ర్యామ్ కన్నా ముందు ప్రాసెసర్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ దారి మొదట్లోనే మూసుకుపోయేది అక్కడే. కోర్ 2 డ్యుయో 64-బిట్ చిప్పే, భయం లేదు. కానీ అందులో ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ప్రాసెసర్ సూచనలు (ఇన్‌స్ట్రక్షన్లు) లేవు. అవి 2008లో నెహాలెం తరం చిప్‌లతో వచ్చాయి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, దాన్ని అనుసరించే అల్మా 9, రాకీ 9 ఇవన్నీ ఎక్స్86-64-వి2 స్థాయి చిప్‌నే అడుగుతాయి. ఆ స్థాయిలో ఎస్‌ఎస్‌ఈ 4.2 తప్పనిసరి. కాబట్టి సెంట్ఓఎస్ అలవాటున్న స్నేహితులెవరైనా అల్మా 9 వేయమంటే మీ మెషీన్ మీద అది నడవదు. ర్యామ్ 16 జీబీ పెట్టినా నడవదు. ఆ 9వ వెర్షన్ల పునాది మీద కట్టిన డాకర్ ఇమేజ్‌లూ ఇదే కారణంతో స్టార్ట్ అవుతూనే గ్లిబ్‌సీ ఎర్రర్ ఇచ్చి పడిపోతాయి. మోంగోడీబీ అనే డేటాబేస్‌కు 5.0 నుంచి ఏవీఎక్స్ అనే ఇంకో సూచనల సెట్ కూడా కావాలి, అదీ మీ దగ్గర లేదు. పాత సెంట్ఓఎస్ 7 వేసుకుందామా అంటే దాని సపోర్ట్ 2024 జూన్ 30తో ఆగిపోయింది. పిల్లల వివరాలున్న మెషీన్ మీద ఆ పని చేయకండి.

డెబియన్ 13 అనే లినక్స్ మామూలు 64-బిట్ చిప్ మీద నడుస్తుంది. అదే వేయండి. 32-బిట్ ఐఎస్‌ఓ కోసం వెతకొద్దు, 13లో 32-బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు, మీకు దాని అవసరమూ లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంపిక స్క్రీన్ ఒకటి వస్తుంది. డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్‌కు ముందే టిక్ పెట్టి ఉంటుంది, అది తీసేయండి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు టిక్ పెట్టండి. ఈ ఒక్క టిక్ తేడా మీ 2 జీబీలో వందల ఎంబీలు మిగులుస్తుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ వేసి, దాంట్లో ఫైర్‌ఫాక్స్ తెరిచి, ఆ తర్వాత సర్వర్ స్లోగా ఉందని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.

విండోస్ మీదే చేద్దామా అని ఆలోచిస్తున్నట్టయితే: విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న అయిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి, మీ ప్రాసెసర్ వాళ్ల జాబితాలోనే లేదు. ఇంజిన్‌ఎక్స్ విండోస్ వెర్షన్‌ను దాని తయారీదారులే బీటా అంటారు, ఎన్ని వర్కర్లు పెట్టినా నిజంగా పనిచేసేది ఒక్కటే. అపాచీ, పీహెచ్‌పీ, మరియాడీబీ కలిపి ఇచ్చే గ్జాంప్ మాత్రం ల్యాప్‌టాప్‌లో నేర్చుకోవడానికి చక్కటి వస్తువు. డేటాబేస్ రూట్ యూజర్‌కు పాస్‌వర్డ్ లేకుండా వస్తుంది కాబట్టి దాన్ని ఊరందరికీ తెరిచి పెట్టే సర్వర్‌గా వాడకూడదు, అలా వాడటానికి తయారు చేసిందీ కాదు. ఇక 80 పోర్ట్ ఎవరో పట్టుకున్నారని గ్జాంప్ గొడవ చేస్తే, టాస్క్ మేనేజర్‌లో పీఐడీ 4, పేరు సిస్టమ్ అని కనబడితే, అది విండోస్ సొంత హెచ్‌టీటీపీ డ్రైవర్. సాధారణంగా విండోస్ సొంత వెబ్ సర్వర్ ఐఐఎస్ తాలూకు వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్ ఆపేస్తే పోర్ట్ ఖాళీ అవుతుంది.

ఇప్పుడు ర్యామ్ లెక్క. అసలు విషయం ఇదే, కాస్త నిదానంగా చదవండి.

2 జీబీ అంటే 2048 ఎంబీ, కానీ అంతా మీ చేతికి రాదు. ఆ కాలం బోర్డుల్లో ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మెయిన్ మెమరీలోంచే వాటా తీసుకుంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఆ వాటాను ఉన్నంతలో తక్కువకు దించండి. దించాక సుమారు 1900 ఎంబీ మిగిలిందనుకుందాం. డెస్క్‌టాప్ లేని డెబియన్‌కు 200 పక్కన పెట్టండి. డేటాబేస్ అయిన మరియాడీబీకి 350: డేటాను ర్యామ్‌లో ఉంచుకునే దాని బఫర్ పూల్ డీఫాల్ట్‌గా 128 ఎంబీ, మిగతాది కనెక్షన్లకు, దాని సొంత ఖర్చులకు. మీ మార్కుల డేటా మొత్తం కలిపినా 128లో హాయిగా పడుతుంది, పెంచకండి. అపాచీకి, కంపైల్ అయిన స్క్రిప్టులను ర్యామ్‌లో దాచుకునే పీహెచ్‌పీ ఓపీక్యాష్‌కు కలిపి 200. ఫైల్ క్యాష్ కోసం కర్నల్‌కు, అంటే లినక్స్ అసలు గుండెకాయకు, 250 వదలండి, ఇది దానం కాదు, హార్డ్‌డిస్క్ దాకా వెళ్లకుండా ఫైళ్లు ర్యామ్‌లోంచే అందాలంటే ఇది ఉండాలి. మిగిలింది 900.

ఈ 900 పీహెచ్‌పీది. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ ఎంత తింటుందో మీ అప్లికేషన్ నడిపి, టాప్ కమాండ్‌లో రెస్ అనే కాలమ్ చూసి తెలుసుకోవాలి. సొంతంగా రాసుకున్న చిన్న మార్కుల స్క్రిప్ట్ అయితే 20 నుంచి 40 ఎంబీ, ప్లగిన్లు తగిలించిన వర్డ్‌ప్రెస్ అయితే 60 నుంచి 80 దాకా పోవచ్చు. ఆ అంకె పంచుకున్న మెమరీని కూడా కలుపుకుని కాస్త ఎక్కువే చూపిస్తుంది. లెక్క ఆ వైపు తప్పితే మనకే మంచిది. 40 అనుకుంటే 900లో 22 ప్రాసెస్‌లు పడతాయి, 20 పెట్టుకోండి. వర్డ్‌ప్రెస్‌కు 75 అనుకుంటే 12. పిండి కొద్దీ రొట్టె.

ఇప్పుడు డీఫాల్ట్ సెట్టింగ్ ఏం చేస్తుందో చూడండి. డెబియన్‌లో పీహెచ్‌పీ అనే ప్యాకేజీని మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే అది అపాచీలోకి దూరి కూర్చునే మాడ్-పీహెచ్‌పీని తెస్తుంది. దానితో అపాచీ ప్రీఫోర్క్ పద్ధతికి, అంటే ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో పూర్తి ప్రాసెస్ కేటాయించే పద్ధతికి, మారిపోతుంది. ప్రీఫోర్క్‌లో మ్యాక్స్‌రిక్వెస్ట్‌వర్కర్స్ డెబియన్ ఇచ్చే విలువ 150. అంటే రద్దీ వస్తే 150 ప్రాసెస్‌లు పుట్టొచ్చు, ఒక్కోటి 40 ఎంబీ, మొత్తం 6000 ఎంబీ. మీ దగ్గరున్నది 900. పైగా ప్రీఫోర్క్‌లో ఒక లోగో బొమ్మ పంపడానికి కూడా పీహెచ్‌పీని మోస్తున్న ప్రాసెసే కదలాలి. వెబ్ సర్వర్‌కు 8 జీబీ కావాలనే మాట చాలాసార్లు ఇలాగే పుడుతుంది. నంబర్ మార్చడం మాని ర్యామ్ కొంటారు.

అది కుప్పకూలే తీరు కూడా చూడండి. ముందు స్వాప్, అంటే ర్యామ్ చాలక డిస్క్‌ను మెమరీగా వాడటం, మొదలవుతుంది, పాత హార్డ్‌డిస్క్ గరగరలాడుతుంది, పేజీలు నిమిషాల తరబడి తిరుగుతాయి. పిల్లలు ఊరుకుంటారా, రిఫ్రెష్ కొడతారు. ఇంకో నలభై రిక్వెస్టులు. ఆఖరికి కర్నల్ ఎక్కువ మెమరీ పట్టుకున్న వాడెవడా అని చూసి ఒకదాన్ని చంపేస్తుంది, చాలాసార్లు అది మరియాడీబీయే అవుతుంది. స్క్రీన్ మీద డేటాబేస్ కనెక్షన్ కుదరలేదని వస్తుంది, అందరూ డేటాబేస్‌ను తిడతారు. డీమెసేజ్ కమాండ్ కొట్టి చూస్తే ఔట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్ అనే లైన్ అక్కడే ఉంటుంది. డేటాబేస్ పాపం ఏమీ చేయలేదు.

కాబట్టి పీహెచ్‌పీని అపాచీ బయట విడిగా నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం ప్యాకేజీని పేరు పెట్టి అడిగి ఇన్‌స్టాల్ చేయండి, మాడ్-పీహెచ్‌పీ వద్దు. అపాచీని ప్రీఫోర్క్‌కు మార్చకుండా ఈవెంట్ ఎంపీఎం అనే పద్ధతిలోనే ఉంచండి. బొమ్మలు, స్టైల్ ఫైళ్లు అపాచీ తేలిగ్గా పంపేస్తుంది, పీహెచ్‌పీ పేజీలు మాత్రం ఎఫ్‌పీఎంకు వెళ్తాయి. ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్, అంటే ఒకేసారి నడవగల పీహెచ్‌పీ ప్రాసెస్‌ల పరిమితి, డీఫాల్ట్ 5 మాత్రమే. దాన్ని మన లెక్క ప్రకారం 20 చేయండి. అప్పుడు 21వ రిక్వెస్ట్ వస్తే వరసలో కాసేపు నిలబడుతుంది తప్ప మెషీన్‌ను ముంచదు. ఈ పని అపాచీ వదిలి ఇంజిన్‌ఎక్స్‌తోనూ చేయొచ్చు, మీ స్థాయిలో తేడా కనబడదు. మీకు హెచ్‌టీయాక్సెస్ ఫైళ్లు అలవాటైతే అపాచీయే ఉంచుకోండి.

ఇరవై చాలా తక్కువ కదా అని మీకు అనుమానం రావచ్చు. 800 మంది ఒకే నిమిషంలో పేజీ తెరిచారనుకోండి, సెకనుకు 13 రిక్వెస్టులు. ఒక మార్కుల పేజీకి ప్రాసెసర్ 50 మిల్లీసెకన్లు పనిచేస్తే, రెండు కోర్లు కలిసి సెకనుకు 40 పేజీలు ఇవ్వగలవు. సరిపోతుంది. అదే వర్డ్‌ప్రెస్ పేజీకి 300 మిల్లీసెకన్లు పడితే సెకనుకు ఆరేడు పేజీలే, 13 ఎక్కడ, 7 ఎక్కడ. అక్కడ చిల్డ్రన్ పెంచినా లాభం లేదు, కోర్లు రెండే. అందుకే నోటీసులకు వర్డ్‌ప్రెస్ వాడాలనుకుంటే పేజ్ క్యాష్ ప్లగిన్ తప్పనిసరి. నా సలహా అడిగితే, నోటీసులకు వర్డ్‌ప్రెస్ ఎందుకండీ, మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు పెట్టండి. ఆ పేజీలను ఈ మెషీన్ మీద అపాచీ నిద్రలో కూడా పంపుతుంది.

ఇంకో మాట. 800 మంది క్యాంపస్‌లో ఫోన్లతో ఒకేసారి తెరిస్తే, ఇంటి రూటర్ లాంటి వైఫై యాక్సెస్ పాయింట్ ఒకటే ఉంటే సర్వర్ కన్నా ముందు అదే చేతులెత్తేస్తుంది. దాన్ని చూసి సర్వర్‌ను అనకండి.

డిస్క్ సైజ్ గురించి అసలు ఆలోచించొద్దు, 20 జీబీ ఉన్నా ఎక్కువే. లాగ్ ఫైళ్లను డెబియన్ రోజూ తిప్పి 14 ఉంచి పాతవి తీసేస్తుంది. డిస్క్ వయసు గురించి మాత్రం ఆలోచించండి. డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్‌మోన్‌టూల్స్ వేసి రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు చూడండి. పెండింగ్ దగ్గర సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఆ డిస్క్‌ను నమ్మొద్దు. ఈ మెషీన్ మీద డబ్బు పెట్టాల్సి వస్తే చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనండి, ఆ బోర్డు మీద పూర్తి వేగం రాకపోయినా తేడా మొదటి బూట్‌లోనే తెలుస్తుంది. డీడీఆర్2 ర్యామ్ కోసం సెకండ్‌హ్యాండ్ షాపుల చుట్టూ తిరగడం మాత్రం దండగ. వచ్చినా ఆ తరం చవక బోర్డుల్లో చాలావాటికి 4 జీబీయే పరిమితి.

గడియారం గుర్తుంచుకోమని అపాచీ వాళ్లే అన్నారు కదా. పాత డెస్క్‌టాప్‌లో సీమాస్ బ్యాటరీ, అదే రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 సెల్, దాదాపు అయిపోయే ఉంటుంది. కరెంట్ తీసి పెట్టిన ప్రతిసారీ మెషీన్ ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు ప్యాకేజీ అప్‌డేట్ చేయబోతే రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఎర్రర్ వస్తుంది, బయటి హెచ్‌టీటీపీఎస్ సైట్ల సర్టిఫికెట్లన్నీ తప్పని చూపిస్తుంది, లాగ్‌లలో తేదీలు పనికిరావు. జనం నెట్‌వర్క్ సెట్టింగులన్నీ కెలుకుతారు. ముందు సెల్ మార్చండి, తర్వాత టైమ్ సింక్ ఆన్ చేయండి. బయోస్‌లోకి వెళ్లినప్పుడే కరెంట్ పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే ఆప్షన్ కూడా పెట్టేయండి, లేకపోతే ఆదివారం పోయిన కరెంట్‌కు సోమవారం మీరే వచ్చి బటన్ నొక్కాలి. చిన్న యూపీఎస్ ఒకటి తప్పనిసరి అనుకోండి, రాస్తూ రాస్తూ ఆగిపోయిన డేటాబేస్‌ను లేపడం కన్నా అది చవక.

తెలుగులో పేర్లు పెడతారు కాబట్టి ఒక చిన్న విషయం. డేటాబేస్ యూటీఎఫ్8ఎంబీ4లో ఉండాలి, కొత్త మరియాడీబీలో అదే డీఫాల్ట్. పేరు కాలమ్‌కు పొడవు పెట్టేటప్పుడు ధారాళంగా పెట్టండి. కంటికి రెండక్షరాలుగా కనిపించే "లక్ష్మి" యూనికోడ్‌లో 7 క్యారెక్టర్లు, 21 బైట్లు. ఇంగ్లిష్ లెక్కలో 20 పెడితే ఇంటిపేరుతో కలిపి పేరు మధ్యలో తెగుతుంది. ఆఫీసులో పాత జాబితాలు అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటే అవి యూనికోడ్ కావు, కాపీ చేసి పేస్ట్ చేస్తే చెత్త వస్తుంది. ముందు కన్వర్ట్ చేయించుకోవాలి.

ఇక బయటకు చూపించడం. 80, 443 పోర్ట్‌లు తెరిచేస్తే చాలని అనుకుంటారు. ముందు మీ కాలేజీ బ్రాడ్‌బ్యాండ్‌కు నిజమైన పబ్లిక్ ఐపీ ఉందో లేదో చూడండి. రూటర్ పేజీలో వాన్ ఐపీ దగ్గర 100.64 నుంచి 100.127 మధ్యలోదో, 10తో మొదలయ్యేదో కనబడితే మీరు సీజీనాట్ వెనకాల ఉన్నట్టు. ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచే ఏర్పాటు అది. అలాంటప్పుడు మీ రూటర్‌లో ఎన్ని పోర్ట్ ఫార్వర్డ్‌లు పెట్టినా బయటివాళ్లు లోపలికి రాలేరు. కంపెనీని అడిగి స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటిది వాడాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ హెచ్‌టీటీపీ పద్ధతిలో తీసుకోవాలన్నా 80 పోర్ట్ బయటినుంచి అందుబాటులో ఉండాలి. అది లేకపోతే డీఎన్‌ఎస్ పద్ధతి.

నన్నడిగితే బయటి పని ఈ మెషీన్‌కు అప్పగించకండి. పేజీ బొమ్మలతో కలిపి 2 ఎంబీ అనుకుంటే 16 మెగాబిట్లు. మీ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే సెకనుకు ఒక్క పేజీ, అంతే. ఇక్కడ అడ్డం వచ్చేది ర్యామ్ కాదు, తీగ. పైగా ఈ ప్రాసెసర్‌లో ఎన్‌క్రిప్షన్‌ను వేగం చేసే ఏఈఎస్ సూచనలు లేవు కాబట్టి హెచ్‌టీటీపీఎస్ ఎన్‌క్రిప్షన్ కూడా దాని మీద అదనపు భారమే. 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న వీపీఎస్ (డేటా సెంటర్‌లో నడిచే వర్చువల్ సర్వర్) ఒకటి అద్దెకు తీసుకుని నోటీసులు అక్కడ పెట్టండి. మార్కులు క్యాంపస్ లోపలే ఉంచండి. మీ పిల్లల్లో దాదాపు అందరూ 18 ఏళ్ల లోపువాళ్లు. హాల్‌టికెట్ నంబర్ ఒక్కటి కొడితే ఎవరి మార్కులైనా కనబడే పేజీని ఊరంతటికీ తెరవడం ఏ సర్వర్ మీదైనా తప్పే. లోపల పెట్టినా పుట్టిన తేదీ కన్నా గట్టిది ఏదో ఒకటి అడగండి.

అంతా అయ్యాక పరీక్షించకుండా పిల్లలకు చెప్పొద్దు. ల్యాబ్‌లో ఇంకో కంప్యూటర్ నుంచి అపాచీబెంచ్, అంటే ఏబీ కమాండ్‌తో, ఒకేసారి 20 చొప్పున 1000 రిక్వెస్టులు మార్కుల పేజీ మీద వేయండి. అదే సర్వర్ మీద కూర్చుని వేయకండి, ఏబీ కూడా ప్రాసెసర్‌లో వాటా తింటుంది. ఆ సమయంలో సర్వర్‌లో వీఎంస్టాట్ నడిపి, స్వాప్ కింద ఎస్ఐ, ఎస్ఓ కాలమ్‌లు చూడండి. అవి సున్నా దగ్గరే ఉంటే మీ 20 సరైన నంబర్. అంకెలు ఆగకుండా కదులుతుంటే 15కు దించి మళ్లీ వేయండి. ఫ్రీ కమాండ్‌లో ఫ్రీ అనే కాలమ్ తక్కువ చూపిస్తోందని కంగారు పడకండి, కర్నల్ ఖాళీ మెమరీని క్యాష్‌కు వాడుకుంటుంది. చూడాల్సింది అవైలబుల్ కాలమ్.

వర్డ్‌ప్రెస్సా, సొంత స్క్రిప్టా అన్నది మీరు రాయలేదు. అది, స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్ల అంకె, ఒక పీహెచ్‌పీ ప్రాసెస్ రెస్ విలువ, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. మ్యాక్స్ చిల్డ్రన్ ఎంత పెట్టాలో మీ అంకెలతోనే చెప్తాను.